ఎర్సీలియో కుడిచెయ్యి

ఎర్సీలియో కాఫీ కప్పును ఎడమచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. తెల్లవారేసరికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడూ తనవి కానట్టు పడి ఉంటాయి. మంచం అంచున కూర్చుని ఆ చేతిని గాలిలో విదిలిస్తాడు, తొడకేసి కొడతాడు, నోటి దగ్గర పెట్టుకుని ఊదుతాడు. కాసేపటికి చీమలు పాకినట్టు మొదలై కొంచెం ప్రాణం వస్తుంది. ఆ కొంచెంతోనే సాయంత్రం దాకా బండి నడపాలి. అతనికి యాభై నాలుగేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు అసువా ఊరి బజారు మూల మీద, బాదంచెట్టు కింది మోటారుసైకిల్ స్టాండులోనే గడిచిపోయాయి. వెనక సీటు మీద మనుషుల్ని ఎక్కించుకోవడం, దింపడం, మళ్లీ వచ్చి వరసలో నిలబడడం. నారింజరంగు పైకోటు, వీపు మీద ఏడో నంబరు.

ఆ ఏడో నంబరు ఉంటుందా, పోతుందా? ఎర్సీలియోను పట్టి పీడిస్తున్నది ఈ ఒక్క ప్రశ్నే. చెయ్యో కన్నో సరిగా లేనివాడికి స్టాండులో చోటు లేదని నియమం. ఆ నియమం పెట్టిన రోజున చెయ్యెత్తి సరే అన్నవాళ్లలో అతనూ ఉన్నాడు. అప్పటికి ముప్పై ఏళ్ల వాడు, ఎత్తిన చెయ్యి ఈ కుడిచెయ్యే. స్టాండు పెద్ద అమాబ్లే మంచివాడు గానీ నియమం దగ్గర మాత్రం బండరాయి. "మనం మోసేది ఉల్లిపాయ బస్తాల్ని కాదు, తల్లులు ఎదురుచూసే మనుషుల్ని" అంటాడు. చేతి జబ్బు తగ్గిపోయిందని ఎర్సీలియో స్టాండులో చెప్పుకున్నాడు. తగ్గలేదని అతని భార్య నెల్ఫాకి తెలుసు. ఆమె కాక ఇంకెవరికీ తెలియదు.

అతని చేతుల గురించి అసువాలో ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. ఆ ఊళ్లో అందరూ నడిపేవి క్లచ్చు లివరు లేని చిన్న బండ్లు. యాక్సిలరేటర్ కుడిచేతిది, బ్రేకు కాలిది, ఎడమచేతికి పనే లేదు. పనిలేని చేతిని ఊరుకోనిచ్చే జనం కాదు గనక ప్రతివాడి ఎడమచేతిలోనూ ఏదో ఒకటి ఉంటుంది: కాళ్లు కట్టిన కోడి, గ్యాసు సిలిండరు, ప్రయాణికురాలి గొడుగు, ప్రయాణికురాలి చంటిపిల్ల. ఎర్సీలియో చేతిలో గుడ్ల అట్ట. ముప్పై గుడ్ల అట్టను అరచేతి మీద నిలిపి, గుంతల్లోంచి, గేదెల్లాంటి లారీల మధ్య నుంచి ఒంటిచేత్తో బండి నడుపుకుంటూ వెళ్తే చూడడానికి జనం ఆగేవారు. ఇరవై ఆరేళ్లలో పగిలిన గుడ్లు నాలుగంటే నాలుగు. ఆ నాలుగూ ఏ రోజు, ఏ సందులో పగిలాయో కూడా అతను చెప్పగలడు. జనం చూసింది ఎడమచేతినే. కుడిచెయ్యి ఎలా ఉందో అతనైనా చూడలేదు.

ఇక ఫీదియాస్ సంగతి. ఫీదియాస్ బజారులో ఐసుగడ్డలు అమ్ముతాడు. ఎర్సీలియో కూతురు మిలెడికి బాప్తిస్మమిచ్చిన రోజున పిల్లని ఎత్తుకుని నిలబడ్డవాడు. అంటే పిల్లకి జ్ఞానతండ్రి, ఎర్సీలియోకి కొంపాయ్. అన్నదమ్ములైనా విడిపోతారేమో గానీ కొంపాయ్‌లు విడిపోవడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. వీళ్లిద్దరూ విడిపోయారు.

రెండేళ్ల కిందట, ఆగస్టు నెల మిట్టమధ్యాహ్నం. ఎర్సీలియో సముద్రపు ఒడ్డు నుంచి ఇద్దర్ని ఎక్కించుకుని వచ్చి బజారులో అప్పుడే బండి ఆపాడు. అరచెయ్యి పెనంలా కాలిపోతోంది. ఫీదియాస్ బల్ల మీంచి ఐసుగడ్డ ఒకటి జారుతోంది. "కొంపాయ్, పట్టు పట్టు!" అని అరిచాడు ఫీదియాస్. ఎర్సీలియో ఆలోచించకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. పట్టుకున్నవాడు ఊరుకోక పది అడుగులు మోసుకెళ్లి చేపల బల్ల మీద పెట్టాడు కూడా. బజారులో ఆడవాళ్లంతా గుండెలు బాదుకున్నారు. ఒళ్లు వేడి మీదున్నప్పుడు చల్లటిది తగిలితే పాస్మో పడుతుందని, నరాలు పట్టేస్తాయని అక్కడ పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఇస్త్రీ చేసిన ఆడది ఆ రోజంతా ఫ్రిజ్జు తలుపు తియ్యదు. మర్నాడు పొద్దున ఎర్సీలియో లేచేసరికి మూడు వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

"నువ్వే నా చెయ్యి తీశావు" అని బజారు నడుమ నిలబడి అన్నాడు. ఫీదియాస్ మొహం పాలిపోయింది. తన ఐసు వైపు తిరిగిపోయాడు. ఆనాటి నుంచి మాటల్లేవు.

పాస్మోకి చెయ్యాల్సినవన్నీ చేశారు. రమ్ములో నానబెట్టిన మసాలా ఆకులతో నెల్ఫా ప్రతి సాయంత్రం చెయ్యి రుద్దేది. అతను ఆ మండుటెండలో చేతికి ఉన్ని మేజోడు తొడిగి తిరిగాడు. బండి దిగాక రెండు గంటల దాకా చెయ్యి కడగనన్నాడు. "నల్లటి చేత్తో అన్నంలో చెయ్యి పెడితే కుండ నీ నెత్తిన బోర్లిస్తా" అని నెల్ఫా కేకలేస్తే చెంచా ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నాడు. గ్రిప్పు గట్టిగా ఉండి నొప్పి పెడుతోందని పాత సైకిల్ ట్యూబు చీలికలు కోసి చుట్టాడు. మెత్తగా అనిపించింది. నెల తర్వాత మళ్లీ నొప్పి. ఇంకో వరస చుట్టాడు. తిమ్మిరి పెరిగితే ఇంకో వరస. చెయ్యి ఎక్కడ జారిపోతుందోనన్న భయంతో, చుట్టిన కొద్దీ ఇంకా బిగించి పట్టుకునేవాడు. రెండేళ్లకి ఆ గ్రిప్పు రమ్ము సీసా లావైంది. స్టాండులో వాళ్లు "ఏడో నంబరు సీసా తిప్పితే గానీ కదలడు" అని వేళాకోళం చేసేవారు. అతను నవ్వేవాడు. నవ్వడం కూడా అలసటగానే ఉండేది.

మొన్న మంగళవారం ఫీదియాస్ మూడు చక్రాల బండి చెడిపోయింది. ఒడ్డున చేపల షెడ్డుకి ఐసు చేరాలి. గోనెపట్టాలో చుట్టిన ఐసుగడ్డని భుజాన వేసుకుని, నీళ్లు కార్చుకుంటూ స్టాండుకి వచ్చాడు. వరసలో ముందున్నది ఏడో నంబరు.

స్టాండంతా ఇటు తిరిగింది. వంతు వచ్చినవాడు మనిషిని కాదంటే కుదరదు, వచ్చినవాడు బండిని ఎంచుకుంటే కుదరదు. అమాబ్లే డామినో ముక్కలు చేతిలో పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

"ఎక్కు" అన్నాడు ఎర్సీలియో, మొహం చూడకుండా.

"ఐసు ఎక్కడ పెట్టను?"

"నీ నెత్తిన పెట్టుకో."

"నెత్తిన పెట్టుకుంటే ఒడ్డుకి చేరేసరికి స్నానం అయిపోద్ది. మధ్యలో పెడతా."

"నా వీపుకి తగిలిందో చూడు! చెయ్యి తీశావు చాల్లే, ఇప్పుడు వీపు కూడానా?"

నవ్వు ఆపుకోలేక ఎవరో దగ్గారు. చివరికి అమాబ్లే లేచి పాత అట్టపెట్టె చింపి, నాలుగు మడతలు చేసి, ఎర్సీలియో వీపుకీ ఐసుకీ మధ్య పెట్టాడు. అలా ఇద్దరు కొంపాయ్‌లు, మధ్యలో ఒక ఐసుగడ్డ, దానికి ముందు ఒక అట్టముక్క, అందరూ కలిసి బయల్దేరారు.

బండి టమాటా తోటలు దాటింది. వెనక కూర్చున్న ఫీదియాస్‌కి చూడడానికి ఇంకేమీ లేక కొంపాయ్ కుడిచేతిని చూస్తూ కూర్చున్నాడు. మోచెయ్యి కిందికి వేలాడుతోంది. మణికట్టు విరిగినట్టు వంగి ఉంది. ఆ సీసా లావు గ్రిప్పు మీద వేళ్లు పూర్తిగా చుట్టుకోక, పట్టు కోసం బిగుసుకుని, గోళ్ల దగ్గర తెల్లగా ఉన్నాయి.

"కొంపాయ్, ఆ చెయ్యేంటి అలా పట్టావ్? బండేమన్నా పారిపోద్దా?"

ఎర్సీలియో ఇంకాస్త బిగించి పట్టాడు.

బడి ముందు స్పీడ్ బ్రేకర్ వచ్చింది. పడుకున్న పోలీసు అంటారు దాన్ని వాళ్లు. పడుకున్న పోలీసు దగ్గర వేగం తగ్గించాలని ఎర్సీలియోకి ఒకరు చెప్పాలా? తగ్గించాననే అనుకున్నాడు. యాక్సిలరేటర్ మూసేశాననే అనుకున్నాడు. బండి మాత్రం తగ్గలేదు. ముందు చక్రం గాల్లోకి లేచింది, ఐసుగడ్డ ఎగిరి మళ్లీ కూలబడింది. అవతల రోడ్డు దాటుతున్న ఇద్దరు ఆడపిల్లలు కెవ్వున అరిచి పక్కకి దూకారు. అప్పుడు వెనక నుంచి ఫీదియాస్ చెయ్యి ముందుకి వచ్చి, ఎర్సీలియో చేతిని గ్రిప్పుతో సహా పట్టుకుని ముందుకి తిప్పేసింది. బండి నాలుగు గజాలు నడిచి ఆగింది.

ఎర్సీలియో కిందికి చూశాడు. తన చేతి మీద కొంపాయ్ చెయ్యి ఉంది. ఐసు నీళ్లతో తడిసి ఎర్రగా ఉంది, నీళ్లు కారుతున్నాయి. చిటికెనవేలికీ దాని పక్కదానికీ చల్లగా తగిలింది. మిగతా మూడు వేళ్లకీ ఏమీ తెలియలేదు. కళ్లకి కనబడుతున్న చెయ్యి వేళ్లకి తెలియడం లేదు. పిల్లలిద్దరూ ఏమీ కానట్టు నవ్వుకుంటూ బళ్లోకి పోయారు.

"ఎన్నాళ్లయింది ఇలా?" అన్నాడు ఫీదియాస్, దిగి.

"నువ్వు ఐసు ఇచ్చినప్పట్నుంచి."

"ఇదిగో, ఇటు చూడు." ఫీదియాస్ రెండు చేతులూ అతని మొహం ముందు పెట్టాడు. "పన్నెండో ఏట నుంచి ఈ చేతులు ఐసులోనే ఉన్నాయి. పది వేళ్లున్నాయా లేవా? పదీ ఆడుతున్నాయా లేదా? ఐసు చెయ్యి తీసేదైతే ముందు నా చెయ్యి తియ్యాలిగా!"

"నీవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. వేడి మీద చల్లది పడితేనే పాస్మో."

"వాదనకి మాత్రం ఏ లోటూ లేదు!" ఫీదియాస్‌కి ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు మింగిన మాటలన్నీ ఒక్కసారి పైకొచ్చాయి. "రెండేళ్లు నన్ను చేతబడి చేసినోణ్ణి చూసినట్టు చూశావు. నా ఐసు కొనడానికి ఆడవాళ్లు జంకారు. పోనీలే, కొంపాయ్ కదా, నొప్పితో ఉన్నాడు అనుకున్నా. కానీ ఇవాళ చూశానుగా వెనకాల కూర్చుని. నీ ఎడమచెయ్యి ముప్పై గుడ్లు పట్టుకుంటే ఒక్కటి చిట్లదు. కుడిచెయ్యి చూడు, బండి గొంతు పిసుకుతోంది! ఒకే మనిషికి రెండు చేతులు. ఒకదానికి పట్టుకోవడం వచ్చు, ఇంకోదానికి రాదు. అందులో నా ఐసు చేసిందేముంది?"

ఎర్సీలియో ఐసు కరుగుతోందని బండి స్టార్ట్ చేశాడు. మిగతా దారంతా నడకకన్నా కాస్త వేగంగా పోయారు. షెడ్డు దగ్గర దిగి ఫీదియాస్ నోట్లు తీస్తే ఎర్సీలియో తీసుకోలేదు. ఫీదియాస్ కూడా బలవంతపెట్టలేదు, సీటు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని ఎర్సీలియో గ్రిప్పు మీది ట్యూబు చీలికలు కత్తితో కోయడం మొదలుపెట్టాడు. కత్తి ఎడమచేతిలో ఉంది. వరస తర్వాత వరస ఊడి కాళ్ల దగ్గర కుప్పపడింది. నెల్ఫా అరటికాయలు చెక్కు తీస్తూ చూసింది.

"ఏంటీ, పాముని ఒలుస్తున్నావా?"

"ఫీదియాస్ అంటున్నాడు, ఐసు వల్ల కాదంట."

నెల్ఫా కత్తి ఆపింది. "ఒకటి చెప్పనా? నువ్వు కోప్పడినా సరే. ఐసుకి ముందు ఏడాది కూడా పొద్దున్నే లేచి చెయ్యి విదిలించేవాడివి. మిలెడి పెళ్లి కేకు ముక్క నీ చేతిలోంచి జారి నా గౌను మీద పడలా? అప్పటికి ఐసు లేదు."

"మరి చెప్పవేం?"

"చెప్పా. 'నీకేం తెలుసు, నడిపేది నువ్వా' అన్నావు. ఆ తర్వాత చెప్పలా. కోపం పెట్టుకోవడానికి నీకు ఒక మనిషి దొరికాడు, నాకేమో రుద్దడానికి చెయ్యి దొరికింది. నేనూ అలసిపోయా, ముసలోడా."

అట్టడుగున అసలు గ్రిప్పు బయటపడింది. సన్నగా ఉంది. వేళ్లు ఆనిన చోట నాలుగు గుంటలు పడి నున్నగా అరిగిపోయింది. ముప్పై ఏళ్ల వయసులో పట్టిన పట్టు అది. అతను చెయ్యి దాని మీద ఆనించాడు. పిసకలేదు, గుడ్డుని పట్టుకున్నట్టు ఊరికే ఆనించాడు. మణికట్టు దానంతటదే నిటారుగా నిలబడింది. ఇంత తేలిక పని ఇన్నేళ్లూ చెయ్యలేదే అని ఏడుపొచ్చింది అతనికి. నెల్ఫా అరటికాయల వైపు తిరిగి కూర్చుని, చూడనట్టే ఉండిపోయింది.

గురువారం ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ చిన్నది, వాళ్ల కూతురి వయసుండొచ్చు. మణికట్టు మీద వేలితో టకటకమని కొడితే మొద్దువేళ్లలో కరెంటు పాకినట్టయి ఉలిక్కిపడ్డాడు. ఒక కాగితాల కట్ట చుట్టి చేతికిచ్చి, "బండి ఎలా పడతారో చూపించండి" అంది. చూపించాడు.

"ఇదుగో, ఇక్కడ వంచి ఇలా బిగిస్తే లోపల నరం నలిగిపోతుంది. లావుగా చుట్టిన కొద్దీ ఇంకా బిగించాల్సొస్తుంది. మూడు నెలలు బండి ముట్టొద్దు. నిద్రపోయేటప్పుడు పట్టీ కట్టుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే కోసి చూడాలి."

"వేళ్లకి మొత్తం తిరిగొస్తుందామ్మా?"

"మొదట్లోనే వచ్చి ఉంటే వస్తుందని చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పలేను. రెండేళ్లూ ఏం చేశారండీ?"

"ఒక మనిషి మీద కోపం పెట్టుకున్నానమ్మా" అన్నాడు ఎర్సీలియో. ఆమెకి అర్థం కాక నెల్ఫా వైపు చూసింది. నెల్ఫా చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

శనివారం జరిగే స్టాండు మీటింగు దాకా ఆగితే, నీకిక చోటు లేదని అమాబ్లే నోటితో చెప్పించుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నమే ఎర్సీలియో స్టాండుకి వెళ్లాడు. బండి మీద వెళ్లడం అదే ఆఖరని నెల్ఫాకి మాటిచ్చి, నెమ్మదిగా, వేళ్లు వదులుగా పెట్టి నడుపుకుంటూ వెళ్లాడు. అరచెయ్యి మాత్రం ఎప్పట్లాగే కాలిపోతోంది. దిగి, పైకోటు విప్పి, మడిచి అమాబ్లే చేతిలో పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"చెయ్యి పోయింది. తగ్గిందని మీకు అబద్ధం చెప్పా. మంగళవారం బడి దగ్గర ఇద్దరు పిల్లల్ని గుద్దేసేవాణ్ణి. కొంపాయ్ ఆపాడు."

అమాబ్లే చాలాసేపు పైకోటు వైపే చూశాడు. తిడతాడనుకున్నారంతా. తిట్టలేదు. లేచి చెట్టుకి కొట్టిన మేకుకి దాన్ని తగిలించాడు.

"మూడు నెలలు ఇక్కడే ఉంటుంది. ఎవడూ ముట్టడు. తర్వాత నువ్వొచ్చి కుడిచేత్తో... కుడిచేత్తోరా, ఎడమచేత్తో కాదు... ముప్పై గుడ్ల అట్ట పట్టుకుని బజారు ఈ చివర్నుంచి ఆ చివరికి నడువు. పగలకపోతే తొడుక్కో. పగిల్తే అందరం ఆమ్లెట్ తిందాం."

ఎవరో నవ్వారు. ఎర్సీలియో నవ్వలేదు. మూడు నెలల తర్వాత కూడా ఆ కోటు తన వీపు మీద ఉండకపోవచ్చని అతనికి తెలుసు. అమాబ్లేకీ తెలుసు. ఇరవై ఆరేళ్లు మోసిన నంబరు చెట్టుకి వేలాడుతుంటే ఒళ్లు తేలికైనట్టు లేదు, నిద్ర లేని మనిషి ఒళ్లులా బరువుగానే ఉంది.

అక్కణ్ణుంచి తిన్నగా బజారులోకి నడిచాడు. ఫీదియాస్ బల్ల మీద కొత్త ఐసుగడ్డ ఉంది, గోనె తీసి రంపం పెట్టబోతున్నాడు. ఎర్సీలియో ఎదురుగా నిలబడ్డాడు. బండి దిగి పావుగంట కూడా కాలేదు, అరచేతిలో చెమట ఇంకా ఆరలేదు. ఆ చేతిని అలాగే చాపి, చేపలమ్మే ఆడవాళ్లందరి ముందూ, ఐసుగడ్డ మీద బోర్లా పెట్టాడు.

"అయ్యో, పాస్మో! చెయ్యి తియ్యవయ్యా, మతిపోయిందా?" అని ఒకామె చేప వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఇంకొకామె శిలువ గుర్తు వేసుకుంది.

అతను తియ్యలేదు. ఫీదియాస్ రంపం పక్కన పెట్టాడు. ఇద్దరూ ఆ చేతినే చూస్తూ నిలబడ్డారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి బల్ల మీద పడుతున్నాయి.

"చల్లగా ఉందా, కొంపాయ్?"

"రెండు వేళ్లకి ఉంది."

"మిగతావాటికి?"

"తెలియట్లా." ఆడవాళ్ల వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు: "ఐసు ఏం చెయ్యలా. నేనే చేసుకున్నా."

ఆ చెయ్యి అలాగే ఉంచితే నిజంగానే ఏమన్నా అవుతుందేమోనని, ముప్పై ఏళ్లు ఐసు అమ్మినవాడికి కూడా భయమేసినట్టుంది. ఫీదియాస్ కొంపాయ్ మణికట్టు పట్టుకుని చేతిని పైకెత్తి, తన చొక్కా అంచుతో ఒక్కొక్క వేలే తుడవడం మొదలుపెట్టాడు.